అమ్మ తెంపే దారం

“ఊళ్లోవాళ్ల బట్టలన్నీ చక్కగా కుడతావు. నీ కాలరుకేమో ఆ దారం వేలాడుతోంది నాన్నా!” కూతురు కత్తెర అందుకుంది.

“వద్దు. మీ అమ్మ చూసుకుంటుంది,” అనేసి దర్జీ నాలుక కరుచుకున్నాడు. భార్య పోయి ఏడాది కావస్తోంది.

కూతురికి ఒళ్లు మండింది. “చూసుకోవడమా? ఆవిడకి కూర రోత, వాన రోత. నా జడా రోతే, విప్పదీసి మళ్లీ అల్లేదాకా వదిలేది కాదు. ఒక్కనాడు బాగుందన్న పాపాన పోలేదు.”

“నన్నూ రోతంటూనే దగ్గరికొచ్చి పంటితో దారం తెంపేది. అందుకే ఒక పోగు కావాలనే వదిలేవాణ్ణి.”

ఆమె చెయ్యి తన జడ మీదికి పోయింది. కత్తెర పక్కన పెట్టి, తండ్రి వెనక్కి వచ్చి, దారాన్ని పంటితో పుటుక్కున తెంపింది.

“ఛీ, రోత!”

ఆ మాట ఎలా వచ్చిందో ఆమెకే తెలియదు. అచ్చం అమ్మ గొంతు.

దర్జీ వెనక్కి తిరగలేదు.

“వచ్చావా?” అన్నాడు.