పక్కసీటు బ్రేకు

"నా ముందుకే దూరతావా? ఉండు, నీ పని చెప్తా!" కూతురు హారన్ మీద అరచెయ్యి అదిమిపెట్టి, ముందున్న వ్యాను వెంట కారును ఉరికించింది.

"మెల్లగా పోనివ్వమ్మా!" పక్కసీట్లో తండ్రికి పైప్రాణాలు పైనే పోయాయి.

"నువ్వూ ఇలాగే నడుపుతావుగా నాన్నా!"

లేని బ్రేకు కోసం ఆయన కుడికాలు కిందికి తన్నింది. మడమ ఏదో గుంటలో దిగినట్టయింది. వంగి చూస్తే, రబ్బరు మ్యాటుకు అరిగి అరిగి పడిన చిల్లు.

ఇన్నేళ్లూ స్టీరింగు తనది. ఈ సీటు భార్యది.

"ఇక్కడీ చిల్లేమిటే?" అన్నాడు వెనక్కి తిరిగి.

వెనకసీట్లో భార్య కిటికీ మీంచి చూపు తిప్పలేదు. "అక్కడ బ్రేకు పడదండీ. మీ పక్కన కూర్చున్నన్నాళ్లూ నేనూ నొక్కి చూశాను."

ఆయన చప్పున కాలు తీశాడు. మళ్లీ ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.