మిగతా నాలుగంకెలు

“ముందు మీరు నంబరు చెప్పాలి మాస్టారూ. తర్వాతే మేం చూపిస్తాం. ఇక్కడి రూలు అది,” అంది మార్చురీ డాక్టరమ్మ.

ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి పోయినవాళ్ళను మొహం చూసి గుర్తుపట్టే వీలు లేదు. ఒక మనిషి తొడలో మాత్రం ఎముకకు బిగించిన, నంబరు చెక్కిన స్టీలు ప్లేటు దొరికింది. అక్కడే పనిచేసే మాస్టారి కొడుక్కీ తొడలో ప్లేటుంది. అందుకే వాళ్ళింటికి ఫోను వెళ్ళింది.

“ఎనిమిదంకెల సంఖ్యమ్మా, ఆపరేషన్ కాగితాల్లో రాసిచ్చారు,” అన్నారు లెక్కల మాస్టారు. గొంతు క్లాసులో ఉన్నట్టే ఉంది. “కాలు విరిగి వాడు మంచంలో ఉన్నన్నాళ్ళూ ఇద్దరం దాంతోనే ఆడుకున్నాం. అంకెలన్నీ కూడితే ఇరవై ఎనిమిది. అదేమో పరిపూర్ణ సంఖ్య. మొత్తం సంఖ్య పదకొండుతో శేషం లేకుండా పోతుంది. ఎనిమిదంకెల్లో ఆ జాతి సంఖ్యలన్నీ అంతే, భాగించి చూడక్కర్లేదు...”

“ఇక్కడ కూడా పాఠాలేనా!” భార్య ఆయన చెయ్యి పట్టి గుంజింది. “ఆ నంబరేదో చెప్పండి. గుండె ఆగిపోయేలా ఉంది నాకు.”

“రెండు, నాలుగు, ఏడు, ఒకటి...” అక్కడ ఆగి ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

డాక్టరమ్మ ట్రేలోంచి మసిపట్టిన ముక్క తీసింది. “ప్లేటు రెండుగా విరిగింది. మాకు దొరికింది సగమే.” లైటు కిందకు జరిపి చదివింది. “ఒకటి, ఏడు, నాలుగు, రెండు.”

భార్యే ముందు తేరుకుంది.

“మీరు చెప్పింది రెండూ నాలుగూ కదా! ఏమండీ, మనవాడు కాదుగా?”

“తొందరపడకండమ్మా, ఇది చివరి సగమైతే...”

“కాదు,” అన్నారు మాస్టారు, డాక్టరమ్మను మాట పూర్తిచెయ్యనివ్వకుండా. “మనవాడిది కాదు.”

ఆవిడకి అది చాలు. బజారుకి పంపితే సగం సామాన్లు మర్చిపోయి వచ్చే మనిషే గానీ, అంకెల దగ్గర ఆయన పొరబడగా ఆవిడ ఎన్నడూ చూడలేదు. ఏడుస్తూనే నవ్వేసింది.

“ఏ ఆస్పత్రిలోనో ఉండుంటాడు వెధవ! ఫోను పారేసుకుని ఉంటాడు. కోడలికి చెప్పొస్తానుండండి, పిచ్చిది నిన్నట్నుంచీ ఎంగిలి పడలేదు,” అంటూ వరండాలోకి పరిగెత్తింది. ఆ మోకాళ్ళతో ఆవిడ అలా పరిగెత్తి ఎన్నేళ్ళయిందో!

మాస్టారు గోడకు జారగిలబడ్డారు.

“మిగతా నాలుగంకెలు మీరు చెప్పనేలేదు,” అంది డాక్టరమ్మ మెల్లగా. “ఏదో జాతి అన్నారు. ఏ జాతి మాస్టారూ?”

ఆయన ఆ ముక్క అందుకున్నారు. చివరి అంకె నుంచి వెనక్కి ఒక్కొక్కటే వేలితో తడిమారు. బయట భార్య ఫోనులో పెద్దగా నవ్వుతోంది.

“అత్తాకోడళ్ళు ఇంత తినేదాకా బయటపెట్టకండమ్మా,” అన్నారు. “ఎటునుంచి చదివినా ఒకేలా ఉండే జాతి.”