మంచుకొండ మీద అంజూరం

మంచు కురిసే కొండ మీద ఒక పిట్ట వదిలిన గింజ మొలిచి అంజూర మొక్క అయింది. కుందేలు దాన్ని ముద్దుగా పెంచుకుంది.

"ఇది ఎండల్లో పెరిగే మొక్క. చలికాలం దాటదు, పీకి పారెయ్ చెల్లీ," అంది కొండమేక.

"చలేస్తే నేను బొరియలో పడుకోనా మేకక్కా? దీన్నీ పడుకోబెడతాను," అంది కుందేలు.

ఆకులు రాలగానే కుందేలు ఒకపక్క వేళ్లు వదులు చేసి, మొక్కను మెల్లగా నేలకు వంచింది. పైన ఎండుగడ్డి పరిచి మట్టి కప్పింది.

"సమాధి బాగా కట్టావే!" అని మేక ఆ దారిన వెళ్లినప్పుడల్లా నవ్వేది. కుందేలుకు బెంగగానే ఉండేది. అయినా మట్టి కదపలేదు.

మంచు కరిగాక తవ్వి చూసింది. కొమ్మల కొసలు నల్లబడి ఉన్నాయి. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంకాస్త మట్టి తీసేసరికి కాండం మీద పచ్చటి మొగ్గలు కనిపించాయి! కుందేలు కొండంతా గెంతులేసింది.

వేసవి చివర పండిన మొదటి పండును సగం చేసి మేకకు పెట్టింది. మేక కళ్లు మూసుకుని చప్పరించింది.

"చెల్లీ," అంది చివరికి, "ఈసారి గడ్డి నేను మోసుకొస్తాను."