పలక మీద అంకె

తుపాను పోయి ఐదు రోజులైంది. కూర్మమ్మ ఇంటి దగ్గర్నుంచి కదల్లేదు.

ఇల్లంటే నాలుగు మట్టిగోడలు. కప్పు లేదు. భావనపాడులో సముద్రానికి ఎదురుగా మొదటి ఇల్లు అదే. గాలి ముందు దాన్నే పట్టుకుంది. విరిగిన వాసాలు, తాటాకులు, కుండపెంకులు ఎక్కడ పడ్డవి అక్కడే ఉన్నాయి. కూర్మమ్మ ఒక్క పుల్ల తియ్యలేదు. సర్వేకి వచ్చేవాళ్ళు కళ్ళతో చూసి రాసుకోవాలి. కిందటి తుపానుకి ఆమె టెక్కలి వెళ్ళిన రోజునే వాళ్ళు వచ్చి వెళ్ళిపోయారు. పేరు ఎక్కలేదు. పైసా రాలేదు.

మొగుడు ఎర్రన్నకి లేవలేని జబ్బు. గోడమూల నులకమంచం మీద పడి ఉన్నాడు. పైన పాత వల కట్టింది. అది ఎండని ఆపదు, వానని ఆపదు. కాకుల్ని ఆపుతుంది.

“రెండాకులైనా కప్పవే. బుర్ర మాడిపోతన్నాది,” అన్నాడు ఎర్రన్న.

“కప్పితే ఇంటికి కప్పున్నాదని రాసీసుకుంటారు. ఓర్సుకో.”

ఆ మధ్యాహ్నం జీపు వచ్చింది.

ముగ్గురు దిగారు. నల్లకళ్ళజోడు పెట్టుకున్నాయన పెద్ద. ఆనంద్‌కుమార్ గారూ అని పిలుస్తున్నారు. ఝాన్సీ అనే పిల్ల చేతిలో పలక. ఇంకొకతని దగ్గర కెమెరా. ముగ్గురూ ఇంటిచుట్టూ తిరిగారు.

“ఊరు మొత్తం మీద ఇదే సార్,” అన్నాడు కెమెరా అతను.

“ఏదీ ముట్టుకోలేదు కదమ్మా?” అని అడిగాడు ఆనంద్‌కుమార్.

“ఒట్టు బాబూ. ఎలాగున్నాది అలాగే ఉంచీనాను.”

పక్కింటి లక్ష్మణమ్మ పరుగున వచ్చింది. “నాదీ సూడండి బాబూ. పది పెంకులెగిరిపోనాయి.”

ఆయన ఆ ఇంటి వైపు చూసి నవ్వాడు. “కప్పున్న ఇల్లు మాకు పనికిరాదు.”

లక్ష్మణమ్మ మొహం మాడిపోయింది. అయినా వెళ్ళలేదు. గోడవార నిలబడింది.

ఝాన్సీ పలక మీద సుద్దతో పద్నాలుగు వేసింది. కూర్మమ్మ మొహం ముందు పట్టుకుని తీసేసింది. కూర్మమ్మ కొంగు సర్దుకుంది.

“ఏం జరిగిందో చెప్పమ్మా.”

“తెల్లారగట్ల గాలొచ్చినాది బాబూ. కప్పు ఎత్తుకెలిపోనాది.”

“గాలి అనకు. గాలంటే కుదరదు. ‘ఆళ్ళొచ్చి ఎత్తుకెలిపోనారు’ అను.”

“ఆళ్ళంటే ఎవులు బాబూ?”

“అది మేం చూసుకుంటాం. పైకి వేలు చూపించి అను.”

కూర్మమ్మ తలూపింది. కాయితాలవాళ్ళ మాటలు వేరు. పింఛనప్పుడూ అంతే. తన వయసు తను చెబితే పని కాలేదు. వాళ్ళు చెప్పమన్న వయసు చెబితే అయింది.

పైకి చూసింది. ఆకాశం ఖాళీగా ఉంది.

“ఆళ్ళొచ్చి ఎత్తుకెలిపోనారు బాబూ,” అంది.

“చాల్లేదు. భయం కావాలి. ఏడుపు కావాలి.”

పలక మీద పద్నాలుగు పక్కన రెండు వేశారు. తర్వాత మూడు. ఆరుసార్లు చెప్పించారు. ఆరోసారికి ఆమెకు ఆ తెల్లవారుజాము గుర్తొచ్చింది. నిజంగానే గుండెలు బాదుకుని ఏడ్చింది. కెమెరా అతను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అటు తిరిగిపోయాడు. భుజాలు కదులుతున్నాయి. మెత్తని మనసు, అనుకుంది కూర్మమ్మ.

“తాత కదలకుండా ఉంటే బాగుణ్ణు,” అన్నాడు ఆనంద్‌కుమార్.

“సచ్చినట్టు పడుండాలేటి?” అన్నాడు ఎర్రన్న.

“అదే తాతా.”

“రోజూ సేసే పనే.”

ఝాన్సీ వెండిరంగు పట్టా ఒకటి విప్పి కూర్మమ్మ వైపు పట్టుకుంది. కళ్ళు జిగేలుమన్నాయి. దళసరి పట్టా. మంచానికి సరిగ్గా సరిపోతుంది. పని కాగానే మడిచి జీపులో పెట్టేసింది.

“అది మాకు కాదేటమ్మా?”

“ఒక్కటే ఉంది. అందరికీ ఇదే వాడాలి.”

చివరికి ఆనంద్‌కుమార్ ఒక కాగితం మీద ఆమె వేలిముద్ర వేయించుకున్నాడు. రేపు పేచీ రాకూడదన్నాడు.

“ఇంక కప్పు ఏసుకోవచ్చా బాబూ?”

“మా పని అయిపోయింది. నీ ఇష్టం.”

మర్నాడు కూర్మమ్మ విరిగిన వాసాలు పొయ్యిలో పెట్టింది. పడిపోయిన చెట్ల ఆకులు కొట్టించి ఇల్లు కప్పించింది. లక్ష్మణమ్మ సాయానికి రాలేదు. ఎర్రన్న ఆరు రోజుల తర్వాత నీడలో పడుకున్నాడు.

తుపాను పోయిన ఇరవయ్యో రోజున ఇంకొకతను వచ్చాడు. చేతిలో ట్యాబు. కప్పు వంక చూశాడు.

“బాగానే ఉంది కదా.”

“మాది రాసీసుకున్నారు బాబూ. పలక ఏసి, ఫొటో తీసి, ఏలుముద్ర కూడా ఏయించుకున్నారు.”

“ఎవరు? ఈ ఊరు సర్వేకి ఇవాళే రావడం.”

కూర్మమ్మ పక్కింటి గడప వైపు తిరిగింది. “లక్ష్మణమ్మా, నువ్వు సెప్పవే. సూసినావు కదా.”

తర్వాత రాయాల్సిన పేరు లక్ష్మణమ్మదే. ఆమె నేల చూసింది. “నాకేటి తెల్దప్పా.”

కూర్మమ్మ ఆ రోజు చేయించినట్టే పైకి వేలు చూపించి గుండెలు బాదుకుంది. అతను ఆమె మొహాన్ని పరకాయించి చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి ఏదో వెతికి, మళ్ళీ ఆమెను చూశాడు.

“ఇడ్లీపాత్రలో దిగిన గ్రహాంతరవాసులు ఇంటికప్పు ఎత్తుకుపోతే గుండెలు బాదుకునే ముసల్ది నువ్వే కదా, ఒక పెద్ద ఇంగ్లీషు సినిమాని వెక్కిరిస్తూ మనోళ్ళు తీసిన యూట్యూబు కామెడీ మా ఇంట్లో రోజూ చూస్తాం,” అని నవ్వి, ఆమె పేరుకెదురుగా ‘సినిమా సెట్టు, నష్టం లేదు’ అని ట్యాబులో కొట్టి లక్ష్మణమ్మ గడప ఎక్కాడు.