చెక్క మీద నునుపు

ప్రొఫెసరు భూతద్దం పక్కన పెట్టి కళ్ళజోడు తుడుచుకున్నాడు. ఆ చేత్తోనే కళ్ళు కూడా తుడుచుకున్నాడు.

"ఇది మామూలు చెక్క కాదు మేడమ్!"

క్యూరేటర్ ముందుకు వంగి చూసింది. ఆ జానపద మ్యూజియంలో చేరి ఆమెకు ఆరు నెలలే. ఇన్నాళ్ళూ ఆ పలక మొహం చూసినవాళ్ళు లేరు. నిలువెత్తు పాత చెక్క. దాని మీద చెక్కిన ఏడుగురు మనుషుల ముక్కులూ ఎప్పుడో అరిగిపోయాయి. పెద్ద గదిలో చివరాఖరున, కిటికీ పక్కన గోడకు బిగించి ఉంది.

"ఇదుగో, ఇక్కడ చూడండి."

నేలకు నాలుగడుగుల ఎత్తున అరచేయంత గుంట. అద్దంలా మెరుస్తోంది.

"మిగతా చెక్కంతా గరుకు. ఇక్కడొక్కచోటే వెన్న! లోపలిదాకా నూనె ఇంకింది. జనం మోకాళ్ళ మీద కూర్చుని, నూనె చేతులు ఇక్కడ ఆనించి మొక్కుకునేవాళ్ళన్నమాట. ఎన్ని తరాల భక్తి అనుకున్నారు!"

"రిజిస్టర్లో మాత్రం 'పాత చెక్క, మొత్తం గరుకు' అని రాసుందండీ," ఆమె నసిగింది.

"రాసిన గుమాస్తాకి చూపు ఆనలేదేమో!"

ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు. పలకను పెద్ద మ్యూజియానికి తరలించాలి. అద్దాల పెట్టెలో పెట్టాలి. మనిషి చెయ్యి కాదు కదా, గాలి కూడా సోకకూడదు.

అప్పటిదాకా చేతులు కట్టుకుని నిలబడ్డ ఆ గది కాపలా మనిషి ఒక్క ఉదుటున వచ్చి పలకకు అడ్డం నిలిచాడు.

"వద్దు బాబూ! ఇరవై రెండేళ్ళుగా దీన్నే నమ్ముకుని ఉన్నాను."

క్యూరేటర్ నోరెళ్ళబెట్టింది. అతను పచ్చి పనిదొంగని ఆమె గట్టి నమ్మకం. అతని పేర మెమో కూడా టైపు చేయించి సొరుగులో పెట్టుకుంది.

"పోనీ, అద్దాల పెట్టె ఇక్కడే పెట్టిద్దామా?" అంది మెత్తబడి.

"అద్దం వద్దమ్మా. తాడు కట్టడాలూ వద్దు. దీనికీ నాకూ మధ్య ఏదీ పెట్టకండి. ఇంట్లో మా ఆవిడ ఎంత సతాయించినా, ఇక్కడికొచ్చానంటే అన్నీ మర్చిపోతాను."

ప్రొఫెసరు అతని భుజం మీద చెయ్యి వేశాడు. "చూశారా మేడమ్? దీని మహిమ ఇంకా పోలేదు!" అన్నాడు. అయినా తరలించాల్సిందేనని పట్టుబట్టాడు.

క్యూరేటర్ ఊరుకోలేదు. గంటసేపు వాదించింది. పైవాళ్ళకు ఫోన్ల మీద ఫోన్లు చేసింది. భక్తి ఉన్నచోటే వస్తువు ఉండాలని కరాఖండీగా చెప్పింది. పెద్ద మ్యూజియంవాళ్ళు ఆమె పోరు పడలేక సరేనన్నారు. ప్రొఫెసరు కాఫీ కూడా ముట్టకుండా కారెక్కాడు.

ఆమె సొరుగులోంచి మెమో తీసి నాలుగు ముక్కలు చేసింది. కొత్త బోర్డు తనే రాసింది: 'తరతరాల భక్తుల స్పర్శతో పునీతమైన పలక.' మధ్యాహ్న భోజనాలయ్యాక, ఆ శుభవార్త తన నోటితోనే చెబుదామని బోర్డు చంకన పెట్టుకుని పెద్ద గదికి నడిచింది.

స్టూలు గోడవారకు జరుపుకుని, నోరు తెరిచి గుర్రుపెడుతున్న కాపలా మనిషి నూనె తల, ఇరవై రెండేళ్ళ అలవాటు మీద, ఆ గుంటలో అచ్చుగుద్దినట్టు ఇమిడిపోయి ఉంది.