వల కొరికిన ఎలుక

నేను అక్షరాలు దిద్దింది మనవరాలి పలక మీద. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుంటే మన్నించి సరిగ్గా చదువుకోండి. నా చెయ్యి నిదానం. ఇంత చిన్న కథకే చాలా పొద్దులు పట్టింది.

"మళ్లీ కొరికింది! రోషన్ బీ, ఇటు చూడు, మళ్లీ కొరికింది!"

వరండాలో కూర్చున్న బాబా రొయ్యల వలను రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. నిన్ననే బాగు చేసిన చోట పిడికిలి దూరేంత కంత. ఆ ఇంట్లో పనిచేసే రోషన్ బీ గావా కాఫీ గిన్నెతో గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఎలుకే బాబా," అంది తల ఎత్తకుండా.

"ఇంట్లో ఇన్ని ఖర్జూరాలుంటే దీనికి నా వలే దొరికిందా?" బాబా నవ్వి సూదికి నైలాన్ దారం చుట్టుకున్నాడు. "పోనీలే, మందు మాత్రం పెట్టకు. పిల్లల తల్లేమో పాపం."

రోషన్ బీకి ఆ గావా గిన్నెతో సహా నేలలోకి దిగిపోవాలనిపించింది. ఆ ఎలుక ఆమే.

బాబా సౌదీలోని జుబైల్ రేవులో పుట్టి పెరిగిన బెస్త. పోయిన చలికాలం నడిసముద్రంలో గుండె పట్టేస్తే, పడవలోని వాళ్లు ఎలాగో ఒడ్డుకు చేర్చారు. ఇక సముద్రం మాట ఎత్తకూడదన్నారు డాక్టర్లు. కొడుకు సలీం తండ్రికి తెలియకుండా పడవ అమ్మేసి, మరమ్మతులో ఉందని చెప్పాడు.

"వల బాగైన రోజు పడవ దగ్గరికి పోతానంటున్నాడు. పడవ లేదని తెలిస్తే ఆ గుండె తట్టుకోలేదు. ఆ వల ఎప్పటికీ పూర్తి కాకూడదు," అని రోషన్ బీకి అప్పగించి, సలీం రియాద్‌లో తన పనికి వెళ్లిపోయాడు. అప్పటి నుంచి బాబా సాయంత్రం అసర్ నమాజుకు మసీదుకు బయలుదేరితే చాలు, ఆమె కత్తెర తీసేది.

"ఏమక్కా, ఎలకమ్మకు ఈ పొద్దు కడుపు నిండినట్టుండాదే?" వంటగది గుమ్మంలో నిలబడి నవ్వాడు డ్రైవర్ నబీ రసూల్. ఇద్దరిదీ కడప పక్కే.

"నోరు ముయ్యిరా. ఆ ముసలాయన నన్ను నోరారా బింతీ, బింతీ అంటాడు. నా కూతురా అని గదా దాని అర్థం! నేనేమో ఆయన పొద్దంతా కుట్టింది కత్తిరిస్తాండా. రేపు అల్లా ముందర ఏం చెప్పల్ల?"

"పానం కాపాడినా అని చెప్పు. తప్పేముండాది?"

"మంచి పని అయితే ఆయన బయటికి పొయ్యేదాకా కాచుకోని చేసేదెందుకురా?"

నబీ రసూల్ చాయ్ ఊదుకున్నాడు. "అది సరే గానీ, రొయ్యల సీజను శుక్రవారం తెరుస్తారంట. రేవులో యాడ చూసినా ఐసు పెట్టెలు, వలలే. ముసలాయన ఇంగ ఆగేటట్టు లేడక్కా."

నిజంగానే బాబా ఆగలేదు. గురువారం పొద్దున్నే వల ముందేసుకున్నాడు. దారం రాసుకుని వేళ్లు ఎర్రగా కోసుకుపోయాయి.

"ఈ కొస పట్టుకో బింతీ. నా కళ్లకు కనిపించడం లేదు."

ఆమె పట్టుకుంది. ఆయన ఆఖరి ముడి వేసి, వలను తడిమి చూసి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. "నీ చెయ్యి పడింది. ఇక ఈ వలకు బరకత్తే, రొయ్యలకు కొదవుండదు."

ఆ సాయంత్రం కత్తెర పెట్టెలోంచి బయటికి రాలేదు.

చీకటి పడే వేళకు సలీం రియాద్ నుంచి వచ్చాడు. భోజనాల దగ్గర బాబా హుషారుగా అన్నాడు. "వల అయిపోయింది. రేపు నువ్వే నన్ను పడవ దగ్గరికి తీసుకుపోవాలి."

సలీం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "అలాగే బాబా," అన్నాడు పళ్లెం వైపు చూస్తూ. తర్వాత వంటగదిలోకి వచ్చి గొంతు తగ్గించి అడిగాడు. "కోయలేదా?"

"నాకు చెయ్యి రాలేదు."

"రేపు ఆయనకేమైనా అయితే?"

సలీం వరండాలోకి వెళ్లి చాలాసేపు వల దగ్గరే నిలబడ్డాడు.

తెల్లవారింది. "మళ్లీ కొరికింది!"

ఈసారి కంతలో మనిషే దూరవచ్చు. సలీం పరుగున వచ్చి చూశాడు. "అయ్యో, ఇప్పట్లో కుదరదులే బాబా," అన్నాడు. అని కూర్చుని, రాత్రి తిననిది కూడా కలిపి తిన్నాడు.

రోషన్ బీకి ఒళ్లు మండింది. కోసి కూడా ఏమీ ఎరగనట్టు తింటున్నాడే! అతను బయటికి వెళ్లగానే బాబా ముందు కూలబడింది.

"బాబా, ఇన్నాళ్లూ మీ వల కోసిన ఎలుకను నేనే. నన్ను ఈ రోజే ఇంటికి పంపించేయండి. కానీ నిన్నటిది మాత్రం నా పని కాదు. సలీం చేశాడు."

బాబా చేతిలో సూది ఆగలేదు. "ఎలుక అంత నున్నగా కొరుకుతుందా బింతీ? నీ కత్తెర సంగతి నాకు మొదటి రోజే తెలుసు."

"మరి... పడవ?"

"దాన్ని కొన్నవాడు మసీదులో నా పక్కనే నిలబడి నమాజు చేస్తాడు."

"అన్నీ తెలిసి ఎందుకు కుడుతున్నారు బాబా?" అంది.

"ఇది పూర్తి కానన్నాళ్లూ వాడు నాకు నిజం చెప్పక్కర్లేదు. రాత్రి ఉత్సాహంలో నోరు జారాను. వాడికి ముద్ద దిగలేదు, చూశావు కదా. నా కొడుకు మీద నింద వేయకు."

బాబా గుమ్మం వైపు ఒకసారి చూసుకున్నాడు. తప్పు చేసి పట్టుబడ్డ పిల్లవాడిలా తల దించుకున్నాడు.

"నిన్న కోసింది నేనే."

— దూదేకుల రహమత్బీ, అరవై మూడేళ్లు, ఇప్పుడు ఉండేది రాయచోటి