పైడయ్య ఇంటి రిపేరు

"మల్లీ బయల్దేరారేటి?"

స్క్రూడ్రైవర్ల సంచీ భుజానికి తగిలించుకుంటున్న ఉదయ్‌కుమార్ గుమ్మంలోనే ఆగిపోయాడు. వెనక భార్య రోజారమణి, చేతిలో సగం కడిగిన చేపముక్క.

"పైడయ్య మావ కంప్యూటర్ మల్లీ మొరాయించిందే. ఫ్యాను తెగ మోత పెడతందంట. ఇలా ఎల్లి అలా వచ్చేత్తాను."

"ఆదివారం ఆదివారం ఆగిపోడానికి అది కంప్యూటరా, గవర్నమెంటాఫీసా?"

ఉదయ్ టేబుల్ మీద ఫోను వదిలేసి మెట్లు దిగిపోయాడు. విప్పిన మిషన్ దగ్గర ఫోను ఉండకూడదని అతని సిద్ధాంతం.

పేరుకు ఉదయ్. అతని బతుకులో ఉదయాలే గాని రాత్రుళ్లు లేవు. అచ్యుతాపురం సెజ్‌లో ఓ ఫ్యాక్టరీకి సిస్టమ్ అడ్మిన్. అడ్మిన్ అంటే అడిగినవాడికల్లా పలికేవాడని అక్కడి జనం నమ్మకం. ప్రింటర్ కాగితం మింగినా, గేటు దగ్గర వేలిముద్రల మిషన్ వేలెత్తి చూపినా ఫోను అతనికే. సర్వర్లకు ప్యాచీలు వేసీ వేసీ అతని సెలవులకు అతుకులే మిగిలాయి. ఆఫీసు ఫైళ్లన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించాడు. ఆ మబ్బులు దిగొచ్చి అతని కళ్ల మీద కూర్చున్నాయి.

ఒకప్పుడు ఇంట్లో కంప్యూటర్లతో ఆడుకోవడమంటే ప్రాణం. గాజువాక ఫ్లాటు బాల్కనీలో పాత సామాన్లతో సొంతంగా ఓ సర్వర్ కూడా పేర్చాడు. అది పగలూ రాత్రీ హోరుమంటూ ఉంటుంది. ఆ హోరు విన్న అపార్ట్‌మెంటు మొత్తానికి ఇక్కడో డాక్టరున్నాడని తెలిసిపోయింది. పై అంతస్తు కేథరిన్ టీచర్ ల్యాప్‌టాప్ తెస్తుంది, కింది అంతస్తు వీర్రాజు వైఫై పాస్‌వర్డ్ మర్చిపోయి వస్తాడు. ఆదివారమైతే ఓపీ మరీ ఎక్కువ.

కిందటి నెల బస్సు దిగుతూ కళ్లు తిరిగి కూలబడ్డాడు. బీపీ చూసిన డాక్టరు ముఖం చిట్లించి, మందుల కంటే ముందు నిద్ర కావాలన్నాడు. ఇలాగే నడిపితే ఏదో ఒకరోజు ఉన్నపళంగా షట్‌డౌన్ అయిపోతారనీ, మళ్లీ ఆన్ చెయ్యడం తన చేతుల్లో ఉండదనీ చెప్పాడు. ఆ మాటకు డాక్టరు నవ్వాడు. రోజారమణి నవ్వలేదు. ఇంటికొచ్చి వంటింట్లో కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చింది.

ఆ రోజు నుంచి మొగుడి నిద్ర ఆమె డ్యూటీ అయింది. అతను పడుకుంటే చాలు, కాసేపటికోసారి తలుపు తీసి, "ఏమండీ, నిద్ర పట్టిందా?" అని అడిగేది. అతను లేచి పట్టిందని చెప్పేవాడు. ఆఫీసు ఫోనొస్తే నిద్రపోతున్నారని గట్టిగా చెప్పేది. ఒక్క మాటేనంటే జాలిపడి, అతన్ని లేపి ఇచ్చేది.

ఇంత కాపలా కాస్తుంటే మధ్యలో ఈ పైడయ్య దాపురించాడు. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. అపార్ట్‌మెంటు వెనక పెంకుటింట్లో ఒక్కడే ఉంటాడు. నీకు కంప్యూటరెందుకు బాబాయ్ అని సందులో ఎదురైనప్పుడు రోజారమణి నిలదీసింది కూడా. ఆయన బుర్ర గోక్కుని, "ఏటోనమ్మా, మీ ఆయన్నే అడుగు," అని తప్పుకున్నాడు.

ఉదయ్ వెళ్తే సాయంత్రానికి గాని రాడు. కళ్లు ఎర్రగా, జుట్టు రేగిపోయి, బుగ్గ మీద అడ్డంగా చారలు. అవేమిటంటే కేబుళ్ల మీద తల ఆనించానంటాడు. చిత్రమేమిటంటే ఆ రాత్రి అన్నం రెండుసార్లు వడ్డించుకుంటాడు, జోకులేస్తాడు. పెళ్లాం పక్కన లేని ఉత్సాహం పెట్టెల పక్కన ఎలా వస్తుందో ఆమెకు అంతుబట్టలేదు.

ఈసారి అతను వెళ్లిన కాసేపటికి టేబుల్ మీద ఫోను మోగింది. మేనేజర్ సాయిశంకర్. రేపటి మీటింగ్‌కి ప్రొజెక్టర్ పాస్‌వర్డ్ కావాలట, ఎక్కడున్నా లైన్లోకి తేవాలట.

చేపల గిన్నె మీద మూత బోర్లించి, ఫోను పట్టుకుని రోజారమణి మెట్లు దిగింది. ఇవాళ అటో ఇటో తేలిపోవాలి.

పైడయ్య గుమ్మానికి అడ్డంగా పీట వేసుకుని కూర్చున్నాడు. మొరగబోయిన వీధికుక్కను చేత్తోనే అదిలించాడు. లోపల్నుంచి గుర్రుమని మోత వస్తోంది. ఫ్యాను పాడైందన్నది నిజమే కాబోలు అనుకుంది.

"మా ఆయన్ని పిలు బాబాయ్. ఆ కంప్యూటర్ సంగతేటో ఇయాల తేల్చేత్తాను."

"మెల్లిగా మాటాడమ్మా," అన్నాడు పైడయ్య గొంతు తగ్గించి. "పని మద్దెలో ఉంది. ఇప్పుడు కదపకూడదు."

ఆమె వినలేదు. పీట దాటి, కర్టెన్ తొలగించి తల లోపలికి పెట్టింది. అలాగే నిలబడిపోయింది. స్క్రూడ్రైవర్ల సంచీ మేకుకు వేలాడుతోంది, జిప్పు తియ్యలేదు. ఆ గుర్రు మోత కింద నులకమంచం మీంచి వస్తోంది.

చేతిలో ఫోను మళ్లీ మోగింది. గబుక్కున దాన్ని కొంగులో చుట్టుకుని సందు చివరిదాకా నడిచింది.

"ఆయన రాలేరండీ," అంది. "పెద్ద రిపేరు. మొత్తం విప్పేసి ఉంది."

ఫోను స్విచాఫ్ చేసి వెనక్కొచ్చింది. కళ్లు తుడుచుకుని అడిగింది.

"ఎంతసేపు పడుద్ది బాబాయ్?"

"పొద్దు గూకేదాకా పడుద్దమ్మా."

"వచ్చే ఆదివారం మల్లీ పాడవుద్దా?"

పైడయ్య ఆమె ముఖంలోకి చూశాడు. "నువ్వొద్దంటే బాగైపోద్ది."

"బాగవ్వొద్దు బాబాయ్. పాడవనీ."

కర్టెన్ సరిచేసి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇంటిదారి పట్టింది.

పైడయ్య ఇంట్లో కంప్యూటరన్నదే లేదు.